ఈ వారం సమస్య: "పాత పెంకుటిల్లు పడుచుదయ్యె"

చంపకమాల (నిర్వాహకురాలు):
పొద్దున్నే తట్టింది, నవ్వొచ్చింది, ఇచ్చేస్తున్నా. ఇదే నాలుగో పాదంగా ఆటవెలది పద్యం పూరించండి. ఒక్క షరతు. "పడుచు దయ్యె" అని విరిచి, "ము" మింగేసి, ఇంట్లో దయ్యాన్ని దింపే మహానుభావుడు ఒకరున్నారు. ఈసారికి దయచేసి వద్దు.

అరసున్న:
బోణీ నాదే.

తొలకరి జడి వచ్చి దుమ్మెల్లఁ గడుగంగ
పెంకుపెంకు నాచు పేరుకొనఁగ
ఆకుపచ్చచీర నలవోకగాఁ గట్టి
పాత పెంకుటిల్లు పడుచుదయ్యె

వలపలగిలక:
చీర బాగుంది అరసున్న గారూ. ఇదివరకటి చెరువు సమస్యకు తామరాకులతో కట్టబెట్టింది కూడా ఇదే చీర అనుకుంటా. ఉతికి మళ్లీ కట్టారు, అంతే తేడా.

బండిరేఫ:
నాచు చూడ్డానికి కంటికింపే. కానీ నీళ్లు పట్టి ఉంచుతుంది. ఆ చెమ్మ పెంకుల సందుల్లోంచి వాసాలకు దిగిందంటే, ఇక చీరే మిగులుతుంది, ఇల్లు మిగలదు.

అరసున్న:
పద్యం అడిగారండీ, మరమ్మతుల అంచనా కాదు. వలపలగిలక గారు మాటలు మాని పూరిస్తే మేమూ నేర్చుకుంటాం.

వలపలగిలక:
చిత్తం.

ముడుతలున్న మోము ముద్దుగాఁ దోఁచిన
బీటలున్న గోడ ప్రియము గాదె
వయసు పెరుఁగుకొద్ది సొగసింత పెరుఁగంగ
పాత పెంకుటిల్లు పడుచుదయ్యె

అరసున్న:
మొదటి రెండు పాదాలూ చదివి ముచ్చటపడ్డాను. మూడో పాదంలో మొదటి అక్షరం "వ"కి "సొ"తో యతి, అంటే అక్షరాల పొత్తు, ఏ లక్షణగ్రంథంలో కుదిరిందో సెలవిస్తారా?

వలపలగిలక:
వయసు, సొగసు. చెవికి వినబడటంలేదా?

అరసున్న:
వినబడుతోంది, సినిమా పాటలా. రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి అందామంటే, ఆ అక్షరం ఇక్కడ "య", అక్కడ "గ". "వన్నెయే పెరుఁగంగ" అంటే పోయేదేముంది?

వలపలగిలక:
సొగసు పోతుంది. మీ పద్యాల్లో అది లేకపోయినా నడుస్తుంది కాబట్టి మీకు తెలియదు.

నుగాగమం:
పెద్దలు కొట్టుకుంటుండగా చిన్న అనుమానం. "గోడ ప్రియము" దగ్గర, సంయుక్తాక్షరం ముందు "డ" గురువైపోదా? గణం పోయినట్టే కదా?

గసడదవ:
పోదు. తెలుగుమాట తర్వాత వేరే పదంగా వచ్చిన "ప్రి" అది, సమాసం కాదు. ఊది పలికితే తప్ప "డ" లఘువే. యతి మాత్రం పోయింది, అందులో అరసున్న గారితో ఏకీభవిస్తున్నాను. ఇలా ఏకీభవించడం ఈ ఏడాదిలో ఇదే మొదలు, ఇదే ఆఖరు కావచ్చు.

నుగాగమం:
సరే, షరతు నా గురించేనని అర్థమైంది. దయ్యం లేదు, చిత్తగించండి.

పడుచునున్నదనుచుఁ బలికిరి జనులెల్ల
ఉన్నమాట నిజమె, యొప్పుకొంటి
నడుమ నున్న "నున్న" నాచేయి తుడువంగ
పాత పెంకుటిల్లు పడుచుదయ్యె

చంపకమాల:
అయ్యబాబోయ్! పడుచునున్నది లోంచి "నున్న" తీసేస్తే పడుచుది. పాదం ఇచ్చినప్పుడు నాకే తట్టలేదు ఇది.

బండిరేఫ:
కూలిపోయే ఇంటిని ఒక్క ఇటుక పెట్టకుండా నిలబెట్టాడు. మావాళ్లకు ఈ విద్య తెలిస్తే బాగుండు.

గసడదవ:
శభాష్. కానీ "తుడువంగన్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. తర్వాత "పాత" కాదు, "బాత" రావాలి. అప్పుడు ఇచ్చిన పాదమే మారిపోతుంది. వలపలగిలక గారి "పెరుఁగంగ"దీ అదే జబ్బు. ఇప్పటిదాకా "గట్టి" అని కళతో, అంటే ఆ నకారం లేని మాటతో ముగించిన అరసున్న గారిదొక్కటే ఆ చోట శుభ్రంగా ఉంది.

అరసున్న:
రెండోసారి ఏకీభవించారు. తేదీ రాసిపెట్టుకుంటున్నా.

నుగాగమం:
పాదం చివర ఊపిరి తీసుకున్నాను మాస్టారూ, అక్కడ సంధి తెగింది. అంత పట్టుంటే మీరొకటి రాసి చూపించండి. ఎప్పుడూ తప్పులు ఏరడమేనా?

గసడదవ:
సున్నమెల్ల గీకి సొంపైన రంగద్ది
జుట్టు నలుపు సేయు చోద్యమట్లు
మేస్త్రి యొకఁడు పలికె మీసాలు మెలివేసి
పాత పెంకుటిల్లు పడుచుదయ్యె

నుగాగమం:
"మీసాలు"! గ్రాంథికంలో "మీసములు" కదా? దొరికారు!

గసడదవ:
దొరకలేదు. "లులనలు", అంటే లు, ల, న ప్రత్యయాలు, పరమైతే ముకారం పోయి ముందున్న అచ్చుకు దీర్ఘం వస్తుందని బాలవ్యాకరణంలో చిన్నయసూరే రాశాడు. ఇంకొంచెం వెతకండి.

బండిరేఫ:
సమస్యని మేస్త్రి నోట్లో పెట్టేసి తాను తప్పుకున్నారు చూడండి, అదీ ఒడుపు. ఇల్లు పడుచు కాలేదు, వాడు అన్నాడంతే. పైగా విషయం కూడా అక్షరాలా నిజం. పాత సున్నపు గోడ గీకి సిమెంటు పూస్తే, లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పైకి నున్నగా మెరుస్తూ లోపల గోడ కుళ్లుతుంది. 1877లో లండన్‌లో విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకని సంఘం పెట్టింది ఈ "బాగుచేత" ధోరణి మీద మండిపడే. పాత పూతలు గీకెయ్యొద్దని పోరినందుకు వాళ్లకు "గీకుడు వ్యతిరేకులు" అని ముద్దుపేరు కూడా పడింది.

వలపలగిలక:
జుట్టుకు రంగు సంగతి ఎవరిని ఉద్దేశించి రాశారో మాత్రం సభకు చెప్పనక్కర్లేదు.

అరసున్న:
నా జుట్టు సహజంగానే నలుపు.

ద్రుతం:
చాన్నాళ్లకు వచ్చాను. అందరూ ఇంటిని మార్చి పడుచుని చేస్తున్నారు. ఇంటిని కదపకుండా ఒకటి.

కంటిపొరలు గమ్మఁ గనరావు బీటలు
గోడ పెచ్చులూడు గురుతు లేదు
ముసలికనులు సేయు మోసమో వరమేమొ
పాత పెంకుటిల్లు పడుచుదయ్యె

చంపకమాల:
ద్రుతం గారూ, నమస్కారం. "మోసమో వరమేమొ" దగ్గర ఆగిపోయాను.

గసడదవ:
వెతికాను. ఏమీ దొరకలేదు.

అరసున్న:
నాకొకటి దొరికింది. పొరలు కమ్మితే బీటలు కనబడవు, ఒప్పుకుంటా. కనబడకపోవడం వేరు, పడుచుగా కనబడటం వేరు కదండీ. ఆ మెట్టు పద్యంలో లేదు.

ద్రుతం:
మా ఆవిడకీ నాకూ ఇంచుమించు ఒకేసారి పొరలు వచ్చాయి. అప్పట్నించీ ఇద్దరం ఒకరికొకరం బాగానే కనిపిస్తున్నాం. ఆ మెట్టు మీరు ఎక్కినప్పుడు తెలుస్తుంది నాయనా, తొందరేముంది?

వలపలగిలక:
హహహ! అరసున్న గారికి ఇంతకాలానికి తగిన సమాధానం!

నుగాగమం:
మోనే అనే చిత్రకారుడికీ ఇదే బాధ. శుక్లాలు ముదిరాక నీలాలు తగ్గి బొమ్మలన్నీ ఎరుపుకీ గోధుమరంగుకీ తిరిగాయి. 1923లో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ మసక రంగులంటేనే ప్రాణం పెట్టేవాళ్లు ఉన్నారు.

చంపకమాల:
మోనే మీద ఆటవెలది ఎవరూ మొదలుపెట్టకండి. నా మనసులో మాట ఒకటి. పాతదాన్ని మెచ్చుకోవడానికి పడుచని ఎందుకనాలి? పాదం నాదే, అయినా అడుగుతున్నా. ముసలితనాన్ని ముసలితనంగానే మెచ్చిన పూరణ ఒక్కటైనా రాదా?

బండిరేఫ:
నేను ప్రయత్నిస్తా. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. సన్నటి బీటలను వాననీటితో తానే పూడ్చుకుంటుంది కూడా.

సున్నమునకు వయసు సొగసుగా మారంగ
గాలి పీల్చి పీల్చి గట్టిపడఁగ
ఏండ్లు గడచుకొలఁది నినుమాయె గోడలు
పాత పెంకుటిల్లు పడుచుదయ్యె

అరసున్న:
"గాలి పీల్చి పీల్చి" అద్భుతం. కానీ ఇనుమయ్యాక ఇల్లు పహిల్వానయింది గానీ పడుచెక్కడయింది?

బండిరేఫ:
పహిల్వాన్లలో ఆడవాళ్లు లేరా?

చంపకమాల:
ఈ వారం మెప్పు ద్రుతం గారికి. చమత్కారానికి నుగాగమం గారికి ఇంకొకటి, "బాత" సంగతి చూసీచూడనట్టు వదిలేసి. వలపలగిలక గారు "వన్నె" పెట్టి మళ్లీ పంపితే సంకలనంలో చేరుస్తాను.

వలపలగిలక:
పెట్టను. సొగసుతోనే చేర్చండి, లేదా మానెయ్యండి. అన్నట్టు ఆ చెరువు పద్యంలో మూడో పాదం గణం తప్పింది, అప్పుడు మొహమాటపడి ఊరుకున్నాను.

అరసున్న:
ఏ గణం? చెప్పి వెళ్లండి!

గసడదవ:
నాలుగోది. నేనూ చూశాను.