దెబ్బతిన్న డివైడర్ క్రాష్ బారియర్ మరమ్మతుకు ఎవరిని, ఏ ఆధారంతో అడగాలి?

మా ఊరి పక్కగా వెళ్లే నాలుగు వరుసల జాతీయ రహదారిపై, డివైడర్ వెంట వేసిన ఇనుప క్రాష్ బారియర్‌ను (అదుపు తప్పిన వాహనాన్ని అడ్డుకునే రక్షణ కంచెను) గత వేసవిలో ఒక లారీ ఢీకొట్టగా, వంగిన రేకును తొలగించారే గాని దాని స్థానంలో కొత్తది నేటికీ బిగించలేదు. మిగిలిన రేకు అంచు ఎదురుగా వచ్చే వాహనాలవైపు కత్తిలా నిలిచి ఉంది; పక్క స్తంభాలు మొదళ్ల దగ్గర తుప్పుపట్టాయి, కొన్ని అతుకుల వద్ద బోల్టులే లేవు. పైగా తారు పొర మీద పొర వేయడంతో రోడ్డు లేచి, బారియర్ ఎత్తు తగ్గినట్టు కనిపిస్తోంది. అలా తగ్గితే అదుపు తప్పిన వాహనం దాని మీదుగా అవతలి వైపుకు దొర్లిపోయే ప్రమాదం పెరుగుతుంది. డివైడర్‌లోని గన్నేరు మొక్కలకు మాత్రం క్రమం తప్పకుండా నీళ్లు పోస్తున్నారు.

రహదారి ఇంజనీరింగ్ తెలిసినవారు దయచేసి చెప్పగలరు: రోడ్డు భద్రతా బారియర్లపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ 119 మార్గదర్శకాల ప్రకారం బారియర్ ఎత్తును రోడ్డు ఉపరితలం నుంచి కొలవాలా, డివైడర్ మట్టి నుంచి కొలవాలా? లారీలు ఎక్కువగా తిరిగే చోట ఇనుప రేకు చాలునా, కాంక్రీటు గోడ కోరడం సబబా? జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేస్తే సరిపోతుందా, లేక ఫొటోలు, కిలోమీటరు రాయి సంఖ్య జతచేసి జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) ప్రాజెక్టు డైరెక్టర్‌కు లిఖితపూర్వకంగా ఇవ్వాలా? నిర్వహణ ఒప్పందంలోని మరమ్మతు గడువును సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చుకున్నవారు ఎవరైనా ఉంటే, దరఖాస్తులో ఏమని రాశారో తెలుపగలరు.