త్రిశంకు, ఒమెగా సెంటారీ: కోరాపుట్, గజపతి, సిరొంచ వైపు ఎప్పుడు, ఎక్కడ చూస్తున్నారు? (చర్చ)

రాయగడ_రాత్రులు
అందరికీ నమస్కారం. మా రాయగడలో చుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ళం కొందరం పోగయ్యాం. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఒకటి, 10×50 బైనాక్యులర్లు రెండు ఉన్నాయి. ఉత్తరం వైపు డాబా మీంచే చూసుకుంటున్నాం గానీ దక్షిణం వైపు ఊరి వెలుగంతా దిగంతాన్ని కమ్మేస్తోంది. ఏదైనా చీకటి చోటుకి వెళ్ళి అందరం కలిసి త్రిశంకు (సదరన్ క్రాస్ చుక్కల గుంపు), ఒమెగా సెంటారీ (నక్షత్రాలు కిక్కిరిసిన ముద్ద) చూడాలని కోరిక. పుస్తకాల్లో ఏప్రిల్, మే అని ఉంది. అప్పటిదాకా ఆగాలా? సరిహద్దుకి ఇటువైపున్న మనవాళ్ళు ఇలా కూడి చూసి ఉంటే చెప్పండి.

సిమిలిగుడ_చలి
ఏప్రిల్ దాకా ఆగొద్దండీ. మార్చి వచ్చిందంటే మన కొండల మీద పోడు కాలుస్తారు, ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్ల కింద ఆకులు తగలెడతారు. ఆ పొగ లోయల్లోనే ఉండిపోతుంది. నడినెత్తిన చుక్కలు బాగానే కనిపిస్తాయి గానీ దిగంతం నుంచి పది పదిహేను డిగ్రీల దాకా మట్టిరంగు తెర. త్రిశంకు ఉండేదే ఆ తెరలో.

లెక్క చూడండి. మన అక్షాంశం 19 డిగ్రీలకి అటూ ఇటూ. త్రిశంకులో పైచుక్క గాక్రక్స్ ఎంత లేచినా 14 డిగ్రీలు, అడుగుచుక్క ఆక్రక్స్ 8 డిగ్రీలు. చెయ్యి చాపి పిడికిలి పడితే పది డిగ్రీలు కదా, దిగంతం మీద పిడికిలి ఆనిస్తే అడుగుచుక్క దాని వెనకే ఉండిపోతుంది. అంత కిందికి దిగితే, గాలి శుభ్రంగా ఉన్న రాత్రి కూడా చుక్క వెలుగు ఒక మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగుని కొలిచే మెట్టు) పైనే పడిపోతుంది. ఇక పొగ కూడా ఉంటే చెప్పేదేముంది.

మేము చూసేది జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి నెలంతా, తెల్లవారుజామున. జనవరి 25 ప్రాంతంలో నాలుగు దాటాక త్రిశంకు నిటారుగా నిలబడుతుంది, ఫిబ్రవరి 10కి మూడింటికే. ఆ రోజుల్లో గాలి కడిగినట్టుంటుంది. మంచు లోయలో దిగిపోతుంది కాబట్టి మనం దానికి పైన ఉండాలి. సిమిలిగుడ, పొట్టంగి ఎత్తులు అందుకే నయం.

దేవమాలి గురించి అందరూ అడుగుతారు. 1,672 మీటర్లు, ఒడిశాలో అదే పెద్ద శిఖరం. కానీ శని, ఆదివారాల్లో పైన టెంట్లు, చలిమంటలు, రాత్రంతా బళ్ళ హెడ్‌లైట్లు. వారం మధ్యలో వెళ్ళండి. లేదంటే కాస్త కిందనే దక్షిణం తెరుచుకున్న మెట్ట చూసుకోండి, గాలి కూడా తక్కువ కొడుతుంది. గొట్టం ఊగిపోతుంటే శిఖరం ఎక్కి ఏం లాభం?

సిరొంచ_గోదారి
అన్నా, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మహారాష్ట్రే గని ఇంట్ల మాట్లాడేది తెలుగే. మాకు గుట్టలు ఎక్కే పని లేదు, నది ఉంది. ప్రాణహిత ఒడ్డుకు కూసుంటే నైరుతి మూలకు కాళేశ్వరం దీపాలు, ఆగ్నేయం దిక్కు బ్యారేజీ లైట్లు కనపడతయి. నడిమిట్ల మహదేవ్‌పూర్ అడవి, అటు చీకటే. త్రిశంకు సరిగ్గ ఆ సందులనే లేస్తది. చలికాలం తెల్లారగట్ల నీళ్ళ మీంచి ఆవిరి లేస్తది, అందుకని ఇసుక మీద కాకుండ వెనక గట్టు మీద పెట్టుకుంటం.

ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్త. మా దగ్గరైనా, మీ కోరాపుట్ దిక్కైనా, రాత్రిపూట పదిమంది పొడుగు గొట్టాలు పట్టుకొని అడవి అంచుకు తిరిగితే ఎవరికైనా అనుమానమొస్తది. ముందే పోలీస్ స్టేషన్ల కాగితం రాసియ్యాలె, ఊరి సర్పంచ్‌కు చెప్పాలె. పచ్చ లేజర్ ఇంట్లనే పెట్టి పోన్రి. చుక్కను చూపెట్టనీకి వేలు చాలు.

ఇంకోటి. మా విదర్భలనే పెంచ్ పులుల అడవి 2024 జనవరిల దేశంల మొదటి డార్క్ స్కై పార్క్ (రాత్రి చీకటిని కాపాడే చోటు) అయ్యింది. చుట్టుపక్క ఊర్లల్ల వీధి దీపాల వెలుగు నేలకే పడేటట్టు మార్చిన్రు. మా చౌరస్తాల హైమాస్ట్ లైటుది సగం వెలుగు మొగులుకే పోతది. పెంచ్‌ల చేసింది రాసి నగర పంచాయతీకి అర్జీ పెడుతున్న. దీపాలు తీసెయ్యుమంటలేను, కిందికి వంచుమంటున్న.

పర్లాకిమిడి_మాస్టారు
రాయగడ తమ్ముడూ, శివరాత్రి పట్టుకోండి. మాఘ బహుళ చతుర్దశి కాబట్టి చంద్రుడు తెల్లవారబోయే ముందు గానీ లేవడు. 2026లో అది ఫిబ్రవరి 15. మూడో జాము ముగిసేసరికి త్రిశంకు దక్షిణాన నిలబడి ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఎలాగూ జాగారం ఉంటారు, రమ్మని బతిమాలక్కర్లేదు. మా వీధి పెద్దవాళ్ళు మొదటిసారి టెలిస్కోపులో కన్ను పెట్టింది శివరాత్రికే. మహేంద్రగిరి మాత్రం ఆ రాత్రికి వద్దు. కొండనిండా భక్తులు, జనరేటర్లు, దీపాలు. దాని 1,501 మీటర్ల ఎత్తు మామూలు అమావాస్యకి వాడుకోండి.

వెతకడానికి యాప్ అక్కర్లేదు. హస్త నాలుగు చుక్కలూ దక్షిణంగా నడిమికి వచ్చినప్పుడు అక్కణ్ణుంచి తిన్నగా కిందికి దిగండి, త్రిశంకు దొరుకుతుంది. ఇంకో గంట ఆగితే చిత్త నడిమికి వస్తుంది. చిత్త నుంచి మూడున్నర పిడికిళ్ళు కిందికి దిగితే ఒమెగా సెంటారీ. దానికి నాలుగున్నర డిగ్రీల పైన, అదే గీత మీద సెంటారస్-ఏ గెలాక్సీ, కోటి కాంతి సంవత్సరాలకు పైనే దూరం. మీ ఎనిమిది అంగుళాలకి మసక ముద్దగా అందుతుంది.

మనం ఉన్న నేల గురించి ఒక సంగతి. ఒడిశాలోని ఖండపడాలో 1835లో పుట్టిన ఖగోళ శాస్త్రవేత్త పఠాణి సామంత వెదురు, కర్రలతో పరికరాలు చేసుకుని, టెలిస్కోపు లేకుండానే గ్రహగతులు లెక్కగట్టాడు. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడం ఆయన చూశాడు. అదే రోజు విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన వేధశాలలో టెలిస్కోపుతో అదే చూశాడు. మా పిల్లలకి ఆ ఇద్దరి గురించీ ఒకే పూట చెబుతాను.

జయపురం_అమ్మ
మాస్టారూ, శివరాత్రి మాట నాకు నచ్చింది. కానీ ఏప్రిల్, మే పూర్తిగా కొట్టిపారేయకండి. బడి పిల్లల్ని చలిలో మూడింటికి కొండ మీద నిలబెట్టడం అన్ని రోజులూ కుదరదు. మే రెండో వారంలో త్రిశంకు రాత్రి తొమ్మిదింటికే నిలబడుతుంది. సాయంత్రం ఉరుములతో ఒక గట్టి వాన పడి మబ్బు విడిపోయిందా, పొగంతా కొట్టుకుపోతుంది. ఆ రాత్రి వదలకూడదు. ముందుగా తేదీ పెట్టుకుంటే కుదరదు. సామాను సర్దిపెట్టుకుని, వాన వెలిసిన పూట ఫోన్లు చేసుకోవాలి. మేమలాగే చేస్తాం.

అలాంటి రాత్రే మా చిన్నదానికి ఒమెగా చూపించాను. బైనాక్యులర్‌లో బూజు ఉండలా ఉందంది. టెలిస్కోపులో మొదట ఏమీ అనలేదు. "తిన్నగా చూడకు, పక్కకి చూడు" అన్నాను. కాసేపటికి "అమ్మా, రవ్వ!" అంది. నిజంగానే అంచుల దగ్గర ఒక్కో గింజా విడివిడిగా, మధ్యలో కుప్పగా. ఆ కుప్పలో కోటి నక్షత్రాలున్నాయి, ఆ వెలుగు బయల్దేరి పదిహేడు వేల ఏళ్ళైంది అని చెబితే కన్ను తీయలేదు. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా తొందరపెట్టలేదు.

వేసవిలో దోమలు ఎక్కువ, మన వైపు మలేరియా ఉంది. పొడుగు చేతుల చొక్కాలు వేయండి. ఆడవాళ్ళు, పిల్లలు వస్తుంటే దగ్గర్లో బడో, తెలిసినవాళ్ళ ఇల్లో ఉన్న చోటే ఎంచుకోండి. చీకటి కొంచెం తగ్గినా పర్వాలేదు.

బరంపురం_చుక్క
ఇక్కణ్ణుంచి మెజలానిక్ మేఘాలు (దక్షిణాకాశంలో మేఘాల్లా కనిపించే రెండు చిన్న గెలాక్సీలు) కనిపిస్తాయా?

సిమిలిగుడ_చలి
లేదండీ. పెద్దది దిగంతం మీద ఒకటిన్నర డిగ్రీ దాటదు, చిన్నది అసలు లేవదు. దానికి కన్యాకుమారి వైపు వెళ్ళాలి. మనకి దక్కేవాటిలో అగస్త్యుడు (కనోపస్ చుక్క) ఉన్నాడు, ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి 18 డిగ్రీల ఎత్తున ధగధగలాడుతుంటాడు. ఆల్ఫా సెంటారీ పది డిగ్రీల దాకా వస్తుంది, మనకి 4.4 కాంతి సంవత్సరాల దూరం. జయపురం అమ్మగారు చెప్పిన వాన రాత్రి మాట నిజం, ఒప్పుకుంటాను.

రాయగడ_రాత్రులు
అందరికీ దండాలు. శివరాత్రికి పొట్టంగి దారిలో ఒక మెట్ట అనుకున్నాం. కాగితం రేపే స్టేషన్‌లో ఇస్తాం. మంచు వల్ల అద్దాలు చెమ్మగిల్లితే ఏం చేస్తారు?

సిమిలిగుడ_చలి
గుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి. డాబ్సోనియన్ గొట్టం మూతి చుట్టూ మందపాటి అట్టో, చాపో చుట్టి ఒక అడుగు పైకి పొడిగించండి. వాడని ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు) కోటు లోపలి జేబులో పెట్టుకోండి, ఒంటి వేడికి చెమ్మ పట్టవు. టార్చికి ఎర్ర గాజుకాగితం రెండు పొరలు. ఫోన్ తెర వెలుగు ఒకసారి కంట్లో పడితే మళ్ళీ అరగంట పడుతుంది, అందరికీ ముందే చెప్పండి. మా వైపు నుంచి ఇద్దరం వస్తాం, పది అంగుళాలది తెస్తాం.