అప్‌డేట్: కేబుల్‌లో 94 దాటని స్పీడ్, దొంగ దొరికింది

వైఫైలో 300 ఎంబీపీఎస్ వస్తుంటే, కేబుల్ పెట్టిన డెస్క్‌టాప్‌లో మాత్రం 94 దగ్గరే ఆగిపోతోందని మొన్న అడిగాను కదా. డ్రైవర్ మార్చాను, రౌటర్ రీసెట్ చేశాను, ఫలితం లేదు. (వైఫై పాస్‌వర్డ్ పోయి ఇంట్లో తిట్లు తిన్నాను, అది వేరే సంగతి.)

మీలో ఒకరు లింక్ స్పీడ్ (కేబుల్ మీద కంప్యూటర్, రౌటర్ కుదుర్చుకునే వేగం) చూడమన్నారు. చూస్తే 1000 బదులు 100 అని ఉంది. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, కేబుల్‌లోని 4 జతల తీగలూ పనిచేయాలి, 100కి 2 జతలు చాలు. మిగతా జతల్లో తీగ తెగినా 100 మీద నడుస్తుంది, అందుకే నెట్ ఆగలేదు, నాకు అనుమానమూ రాలేదు.

కేబుల్‌ని చేత్తో తడుముతూ వెళ్తే తలుపు సందులో ఒకచోట చదునుగా నలిగిపోయి ఉంది. కోసి చూస్తే లోపల గోధుమరంగు తీగ తెగింది. కొత్త క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ వేశాను, ఈసారి గోడ వెంట. ఇప్పుడు 290 పైనే వస్తోంది.