ఈ శనివారం వర్జీనియా జేమ్స్ నదిలో చేపల వేట ట్రిప్: టైమ్ మారింది, అందరూ చదవండి

కో-ఆర్డినేటర్, సోమవారం రాత్రి

అందరికీ నమస్తే. కలిసేది నదిలోకి పడవలు దింపే ఆస్‌బోర్న్ ల్యాండింగ్ దగ్గరే, అందులో మార్పు లేదు. పడవలు మూడు, పడవకు నలుగురు. పిల్లలు, పెద్దవాళ్లు, పడవ అంటే కళ్లు తిరిగేవాళ్లు ఒడ్డు దగ్గర పియర్ మీద గాలాలు వేసుకోవచ్చు. పోయిన శనివారం పొద్దున ఏడింటికి ఇద్దరం వెళ్లి చూసొచ్చాం. నీళ్లు బాగా దిగిపోయి ర్యాంప్ పక్కన బురద బయటపడి ఉంది. తొమ్మిదికల్లా పోటు ఊపందుకుంది, చేపలు బాగా లాగాయి. అందుకని ఈసారి కూడా తొమ్మిదికి వస్తే చాలు. తాపీగా టిఫిన్ చేసి రండి.

పడవల బాధ్యుడు, సోమవారం రాత్రి

అన్నా, తొమ్మిది వద్దు. పోటు గడియారం చూసి రాదు, చంద్రుణ్ణి చూసి వస్తుంది. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఏడు రోజులకు లెక్క వేయండి, దగ్గర దగ్గర ఆరు గంటలు. పోయిన వారం ఏడింటికి బురద కనిపించిన చోట ఈ వారం ఏడింటికి నిండుగా నీళ్లుంటాయి. ఆ తర్వాత మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆటు. మనకు కావాల్సింది ఆ ఐదారు గంటలే.

ఎందుకంటే మనం పట్టబోయే బ్లూ క్యాట్‌ఫిష్ నీళ్లు కదులుతున్నప్పుడే బాగా తింటుంది. ప్రవాహం ఎర వాసనను కిందికి మోసుకెళ్తుంది, చేప ఆ వాసన పట్టుకుని ఎదురు వస్తుంది. పోటుకీ ఆటుకీ మధ్య నీళ్లు ఆగిపోయే ఆ కాసేపు మాత్రం గాలం కర్ర వంక చూస్తూ కబుర్లు చెప్పుకోవడమే. పోయిన ఏడాది మనం చేరేసరికి సరిగ్గా ఆ నిలకడే దొరికింది. చేపలు లేవని అందరూ నదిని తిట్టారు. తప్పు నదిది కాదు, మనది.

ఇంకో సంగతి. పోటు టైమ్‌ల పట్టిక చూసేటప్పుడు నోవా (అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ) సైట్‌లో రిచ్‌మండ్ వైపు స్టేషన్‌ది చూడండి. నది కలిసే చెసాపీక్ బే ముఖద్వారం దగ్గర వచ్చిన పోటు ఇక్కడికి చేరేసరికి చాలా గంటలు పడుతుంది. ఆ టైమ్ చూసుకుని వస్తే మొత్తం తలకిందులే.

కో-ఆర్డినేటర్, మంగళవారం పొద్దున

సరే, నా లెక్క తప్పింది. ర్యాంప్ దగ్గర 6:00, పడవలు నీళ్లలోకి 6:30. ఈ అక్టోబరులో ఏడు దాటితేగానీ తెల్లారదు, కాబట్టి మూడు పడవలకీ లైట్లు వెలుగుతున్నాయో లేదో శుక్రవారం రాత్రే చూసుకోండి. ఆదివారం వచ్చేవాళ్లకు 50 నిమిషాల నిద్ర బోనస్.

వంట టీమ్‌లో బాబాయ్, మంగళవారం

తెల్లారకముందే లేపుతున్నారు గనక నాదొక కోరిక. నలభై పౌండ్ల చేప ఒకటి పడితే అక్కడే పెద్ద గిన్నెలో పులుసు పెట్టేద్దాం. అందరికీ సరిపోతుంది.

లైసెన్సులు, ఆరోగ్యం చూసే వదిన, మంగళవారం

బాబాయ్ గారూ, ఆ చేపతో ఫొటో దిగి నీళ్లలో వదిలేద్దాం. ఈ నదిలో 32 అంగుళాలు, ఆపైన ఉన్న బ్లూ క్యాట్‌ఫిష్‌ను అసలు తినొద్దని వర్జీనియా ఆరోగ్య శాఖ సలహా. చిన్నవైనా నెలకు రెండు పూటలే. కారణం పీసీబీలనే పారిశ్రామిక రసాయనాలు. చేప ఏళ్ల తరబడి బతికి, మిగతా చేపల్ని తింటూ పోతుంటే ఆ రసాయనం కొవ్వులో పేరుకుపోతుంది. ఎంత పెద్ద చేపైతే అంత ఎక్కువ.

పులుసుతో చిక్కు కూడా అదే, కొవ్వంతా రసంలోనే ఉండిపోతుంది. చిన్న చేప తీసుకుని, తోలు వలిచి, పొట్ట దగ్గరి కొవ్వూ వీపు మీది నల్ల కండా కోసేసి గ్రిల్ మీద కాలిస్తే కొవ్వు కారిపోతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు అదీ పెట్టకపోవడమే నయం. ఇదేమీ లేనిపోని భయం కాదు. హోప్‌వెల్‌లో తయారైన కెపోన్ అనే పురుగుమందు నదిలో కలిసిందని 1975 డిసెంబరులో గవర్నర్ రిచ్‌మండ్ నుంచి బే దాకా చేపల వేటే ఆపించారు.

లైసెన్స్ 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి. ఫోన్‌లో ఉన్నా చాలు. "నేను ఊరికే కర్ర పట్టుకుంటాను" అంటే కుదరదు.

కొత్తగా చేరిన సభ్యుడు, బుధవారం

పెద్దవి వదిలేయడం తప్పు కాదా? ఈ చేప ఇక్కడిది కాదనీ, పీతల్ని తినేస్తోందనీ చదివాను.

పడవల బాధ్యుడు, బుధవారం

నిజమే తమ్ముడూ. మిసిసిపీ వైపు చేప ఇది. ఆటగా పట్టుకోవడానికి 1970లలో ప్రభుత్వమే తెచ్చి వదిలింది, ఇప్పుడు పట్టమని బతిమాలుతోంది. ప్రపంచ రికార్డు 143 పౌండ్ల చేప కూడా ఈ రాష్ట్రంలోనే, బగ్స్ ఐలాండ్ సరస్సులో 2011లో పడింది. చిన్నవి ఎన్ని పడితే అన్నీ ఐస్‌లో వేద్దాం, నదికీ మేలే. పెద్దదాన్ని చంపి తినకుండా పారేయడం నాకు నచ్చదు, అంతే.

సామాన్ల సంగతి. గాలం 8/0 సైజు సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం. చేప లాగినప్పుడు కర్ర ఎత్తి గుంజకండి, అది తిరిగి పోతుంటే హుక్ దానంతటదే మూతి మూలన పడుతుంది. గాలాన్ని ముంచే సీసపు గుండ్లు మూడు ఔన్సుల నుంచి ఎనిమిది దాకా తెండి, ఆటు జోరు మీద ఉంటే తేలికవి కొట్టుకుపోతాయి. మొప్పల పక్కన, వీపు మీద ముళ్లుంటాయి, చేప వాటిని బిగబట్టి నిలబెడుతుంది. పోయినసారి నా అరచేయి సాయంత్రం దాకా సలిపింది. పిల్లలెవ్వరూ చేపను పట్టుకోకూడదు.

లంగరు ముందు వైపు నుంచే. వెనక నుంచి వేస్తే ప్రవాహం పడవ తోకను కిందికి లాగి నీళ్లు లోపలికి ఎక్కుతాయి. నదిలో ఓడలు వెళ్లే లోతైన దారి అంచు మీద ఆగుదాం, మధ్యలో కాదు. రిచ్‌మండ్ టెర్మినల్‌కు వెళ్లే బార్జీలు అదే దారిన వస్తాయి, అవి మన కోసం పక్కకు తప్పుకోలేవు. లైఫ్ జాకెట్ పడవలో తలకొకటి ఉండాలన్నది చట్టం. ఒంటి మీద ఉండాలన్నది నా షరతు.

కో-ఆర్డినేటర్, గురువారం

మిగిలింది ఎర ఒక్కటే. తాజా గిజర్డ్ షాడ్ (ఎరగా వాడే చేప) కావాలి. శుక్రవారం సాయంత్రం వల వేసేది ఎవరు, రాత్రంతా ఐస్‌లో ఉంచేది ఎవరు?

వంట టీమ్‌లో బాబాయ్, గురువారం

పులుసు ఎలాగూ పోయింది, ఎర నేను చూస్తా. కానీ మా ఇంటి ఫ్రిజ్‌లో షాడ్ కనిపిస్తే నన్ను కూడా నదిలోనే వదిలేయమని మీ పిన్ని అంటోంది. గరాజ్‌లో పెట్టుకోవడానికి ఎవరి దగ్గరైనా ఐస్ బాక్స్ ఉంటే చెప్పండి.