కురోషియో పెద్ద వంపుకి కారణం భూతాపమేనా?

నీలికెరటం: జపాన్ దక్షిణ తీరాన్ని ఆనుకుని పారే కురోషియో అనే వెచ్చని సముద్ర ప్రవాహం 2017 ఆగస్టులో తీరం వదిలి దక్షిణానికి పెద్ద వంపు తిరిగి 2025 ఏప్రిల్ దాకా అలాగే ఉండిపోయింది. 7 ఏళ్ల 9 నెలలు! రికార్డుల్లో ఇదే అతి పొడవైనది. భూతాపం కాకపోతే మరేంటి?

లోతుమనిషి: నేను ఒప్పుకోనండీ. 1975లో వచ్చిన వంపు 4 ఏళ్ల 8 నెలలు ఉంది, 1980లలో మూడుసార్లు వచ్చింది, ఆ తర్వాత మళ్లీ 2004 దాకా రానేలేదు. మధ్యలో భూమి వేడెక్కడం ఆగిందా? ఇది ప్రవాహం స్వభావం. జపాన్ నైరుతి దీవి క్యూషూకి ఆగ్నేయంగా చిన్న వంపు పుట్టి, తూర్పుకి జరిగి, ప్రధాన దీవి హోన్షూ దక్షిణ కొస షియోనోమిసాకి దగ్గర పెరుగుతుంది. తీరం వైపు చల్లని నీటికీ బయటి వెచ్చని నీటికీ సాంద్రతలో ఉన్న తేడాయే దానికి శక్తినిస్తుంది. ప్రవాహం వంపుని తూర్పుకి నెడుతుంది, భూభ్రమణ ప్రభావం అక్షాంశాన్ని బట్టి మారుతుంది కాబట్టి అది పడమరకి జరగాలని చూస్తుంది, రెండూ సరిపోతే అక్కడే నిలిచిపోతుంది.

నీలికెరటం: మరి ప్రవాహం ఎంత జోరుగా ఉండాలో నిర్ణయించేది పసిఫిక్ గాలులే కదా, వేడికి గాలులు మారవా? పైగా 1965 నుంచి లెక్కేసినా ఆరు వంపులే. ఆరింటిని చూసి సంబంధం లేదని మీరు మాత్రం ఎలా తేలుస్తారు?

లోతుమనిషి: ఆరు తక్కువే, నిజం. కానీ భూతాపం వల్లే అనేవాళ్లు గాలి మారిందని, దానివల్ల ప్రవాహం మారిందని, అందుకే వంపు ఇన్నేళ్లు నిలిచిందని మూడూ చూపించాలి. ముగిసిన తీరు కూడా చూడండి: వంపు కొస తెగి చల్లని సుడిగా విడిపోయింది, ప్రవాహం మళ్లీ తీరం పట్టింది. సముద్రం చల్లబడి కాదు కదా.

రేవుగాలి: ఇద్దరూ పుట్టుక దగ్గరే ఆగిపోయారు. వంపు ఉన్నప్పుడు వెచ్చని నీటిలో ఒక పాయ పడమరకి తిరిగి మధ్య జపాన్‌లోని టోకై తీరానికి వస్తుంది, అక్కడ నీటిమట్టం పెరిగి పల్లపు రేవులు మునుగుతాయి. ఆ నీరు ఇప్పుడు 1975 నాటికంటే వేడిగా ఉంది, సముద్రమట్టమూ పెరిగింది. వంపు ఎవరు తెచ్చినా దాని దెబ్బని పెంచింది భూతాపమే. ఇంకోటి, 2023లో ఈశాన్య జపాన్‌లోని సాన్రికు తీరం దగ్గర సముద్రం విపరీతంగా వేడెక్కడం ఈ వంపు పని కాదు, తీరం విడిచి తూర్పుకి పోయే కురోషియో కొనసాగింపు బాగా ఉత్తరానికి జరగడం వల్ల వచ్చింది. ఆ రెంటినీ దయచేసి కలపకండి.