"కలడో లేడో" అన్నది నాస్తికుని మాటేనా?

గజేంద్రమోక్షం పద్యాల మీద జరుగుతున్న చర్చలో ఒక సభ్యులు రెండు ప్రశ్నలు వేశారు. దేవుడు దయామయుడైతే ఆ ఏనుగు అన్నేళ్లు మొసలి నోట నలగడం ఎందుకన్నది మొదటిది. పరమభక్తుడైన పోతన "కలడో లేడో" అని ఎలా రాయగలిగాడన్నది రెండవది. ఈ రెండూ ఒకే ప్రశ్న అని, దానికి జవాబు తాత్పర్యంలో కంటే పద్యంలోని క్రియారూపాలలో ఎక్కువగా దొరుకుతుందని నేననుకుంటున్నాను. ముందుగా పద్యం:

కలడందురు దీనుల యెడ,
గలడందురు పరమయోగి గణముల పాలం,
గలడందురన్ని దిశలను,
గలడు కలండనెడివాడు గలడో లేడో!

మూడు పాదాలలోనూ "కలడు" పక్కనే "అందురు" ఉంది. లోకం అంటున్నది, నేను విన్నది, అంతవరకే; నేను చూసినది కాదు. ఇదే కవి దీనికి ముందరి స్కంధంలో ప్రహ్లాదుని చేత "కలడంబోధి, గలండు గాలి, గలడాకాశంబునన్" అని చెప్పించినప్పుడు ఆ పద్యంలో "అందురు" లేదు, "ఇందుగలడందు లేడని సందేహము వలదు" అన్నప్పుడూ లేదు. అదే క్రియ, అదే కలం. తండ్రి ఎన్ని బాధలు పెట్టినా చలించని పిల్లవాని నోట నిశ్చయంగా పలికిన మాట, కాలు మొసలి నోట చిక్కిన ఏనుగు నోటికి వచ్చేసరికి వినికిడి మాటగా మారింది. పోతన ఆ నిశ్చయాన్నీ ఈ సందేహాన్నీ పక్కపక్క స్కంధాలలో ఉంచి, ఒకదాని కోసం మరొకదాన్ని దిద్దలేదు. సంస్కృత భాగవతంలోని గజేంద్రస్తుతిలో ఈ "కలడో లేడో" లేదు. తెలుగు కవి తానుగా చేర్చిన మాట కాబట్టి, దీన్ని ఛందస్సు కోసం పడ్డ మాటగానో, భక్తుని నోరు జారిన మాటగానో సర్దిచెప్పడం నాకు సరి అనిపించదు.

ఇక "కల" అన్న మాట సంగతి. "కలడు" అంటే ఉన్నాడని అర్థం చెప్పి ముందుకు సాగిపోతాం. కాని ఈ మాటకు మన వాడుకలో ఇంకొక ముఖం ఉంది. డబ్బున్నవారిని "కలవారు" అంటాం, పేదవారిని "లేనివారు" అంటాం. ఉండటం, కలిగి ఉండటం రెండూ తెలుగులో ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఆ వెలుగులో చూస్తే "కలడందురు దీనుల యెడ" అన్న పాదం లేనివారి పక్షాన ఉన్న "కల"వాని గురించి మాట్లాడుతున్నది, అదీ యోగుల కంటే ముందుగా. తరువాతి సీసం "కలుగడే నా పాలి కలిమి సందేహింప, గలిమిలేములు లేక గలుగువాడు" అని ఎత్తుకోవడం దీనికి కొనసాగింపే. ఇక్కడ "నా పాలి" అన్నది కీలకం. పాలు అంటే వాటా. దేవుడనే పదార్థం లోకంలో ఎక్కడైనా ఉందా అన్నది తార్కికుల ప్రశ్న. నా వాటాకు వచ్చిన కలిమిగా, నా పాలిట ఆయన ఉన్నాడా అన్నది గజేంద్రుని ప్రశ్న. బాధపడే మనిషి అడిగేది ఎప్పుడూ ఈ రెండవదే.

చర్చలో కొందరు "పూర్వజన్మ కర్మ" అని సమాధానమిచ్చారు. శాస్త్రపరంగా అది తోసివేయదగిన మాట కాదు. ఈశ్వరునికి పక్షపాతం, నిర్దయ అంటగట్టరాదని, ఫలమిచ్చేటప్పుడు ఆయన జీవుల కర్మను అపేక్షిస్తాడని బ్రహ్మసూత్రం "వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్" అంటున్నది. భాగవతంలోనూ గజేంద్రుడు పూర్వం ఇంద్రద్యుమ్నుడనే రాజని, అగస్త్యుని శాపం వల్ల ఏనుగయ్యాడని, మొసలి దేవలుని శాపం పొందిన హూహూ అనే గంధర్వుడని ఉంది. అయితే ఆ కథ ఎక్కడ వస్తుందో గమనించండి. చక్రం వచ్చి మకరి తల తెగి, ఏనుగు కాలు విడిపడిన తరువాతనే వస్తుంది. బాధ సాగుతున్నంతసేపూ గజేంద్రునికి ఎవరూ కర్మ సిద్ధాంతం బోధించలేదు.

ఈ సంగతి నాకు పుస్తకంలో కంటే ముందు ఒక ఆసుపత్రి వరండాలో అర్థమైంది. మా చెల్లెలి కొడుకు, 7 ఏళ్లవాడు, 11 రోజులు ఐసీయూలో ఉన్నాడు. చూడటానికి వచ్చిన బంధువు ఒకాయన, మంచి మనిషే, "ఏ జన్మలో చేసుకున్నదో తల్లీ, అనుభవించక తప్పదు" అన్నారు. చెల్లెలి చేతిలో క్యారేజీ మూత ఉంది. దాన్ని పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం తప్ప ఆమె ఏమీ బదులు చెప్పలేదు. వాళ్ల అత్తగారు మాత్రం గోడకు చేరగిలబడి నేల మీదే కూర్చుని ఉండేవారు. ఇంటికి వెళ్లి కాస్త నడుం వాల్చి రమ్మంటే "కాళ్లు రావడం లేదు నాయనా" అన్నారు. మొసలితో పోరాడుతున్న మగని విడిచి పోలేక నిలిచిన ఆడ ఏనుగుల గురించి పోతన "మాతంగవిభుని నొక్కరుని డించి పోవ గాళ్ళు రాక" అని రాశాడు. అయిదు వందల ఏళ్లు దాటినా ఆ నుడికారం అక్షరం మారకుండా ఆ వరండాలో వినిపించింది. ఆ ఏనుగులు ఏ కారణమూ చెప్పలేదు, ఊరికే నిలబడి చూశాయి. పిల్లవాడు మాకు దక్కలేదు. ఆ 11 రోజులలో చెల్లెలికి పనికివచ్చిన మాట ఏదైనా ఉంటే అది పెద్దావిడ అన్న ఆ ఒక్క మాటే.

గజేంద్రుని సందేహం "కలడో లేడో" దగ్గర ముగిసిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. "లావొక్కింతయు లేదు" అని మొదలై "రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!" అని ముగిసే పద్యాన్ని పూర్ణ శరణాగతి అంటారు. ఆ వెంటనే వచ్చే కందాన్ని పాడేవారు తక్కువ:

వినుదట జీవుల మాటలు,
చనుదట చనరాని చోట్ల, శరణార్థుల కో
యనుదట పిలిచిన, సర్వము
గనుదట, సందేహమయ్యె గరుణావార్ధీ!

శరణాగతి తరువాత కూడా సందేహం పోలేదు. "అందురు" పోయి "అట" వచ్చింది. రెండూ వినికిడి మాటలే. మారినది పురుష ఒక్కటే. "కలడో లేడో" ప్రథమ పురుషలో, ఆయన గురించి అన్న మాట. "వినుదట" మధ్యమ పురుషలో, ఆయనతోనే అంటున్న మాట. నీవు వింటావట, పిలిస్తే ఓయంటావట, నాకు మాత్రం సందేహంగా ఉంది, కరుణాసముద్రుడా! ఎవరి మీద సందేహమో వారికే ఆ సందేహాన్ని విన్నవించుకోవడం ఇది. నాస్తికునికి ఇలా అనవలసిన అవసరం లేదు, నిశ్చింతగా ఉన్న ఆస్తికుడు ఇలా అనడు. మా చెల్లెలు ఇప్పటికీ సాయంత్రం దీపం పెడుతుంది. పెట్టి, ఒక్కొక్కరోజు "నీకు వినపడలేదా?" అని పైకే అడుగుతుంది. దాన్ని అవిశ్వాసం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

చివరిగా "అడ్డపడు" గురించి. సీసంలో గజేంద్రుడు "నా కడ్డపడ రాడె" అని అడుగుతాడు. మొర విని కూడా బ్రహ్మాదులు "అడ్డపడక" ఊరకుండగా, విష్ణువు "భక్తియుతున కడ్డపడ దలంచె" అని పోతన అదే క్రియతో జవాబిచ్చాడు. నేటి పత్రికల భాషలో అడ్డుపడటమంటే పని చెడగొట్టడమే. ఇళ్లలో మాత్రం "నాన్న కొట్టబోతుంటే నాయనమ్మ అడ్డుపడింది" అని పిల్లలు ఇంకా అంటున్నారు. దెబ్బకూ దెబ్బ తినేవానికీ నడుమ వచ్చి నిలబడటమే పోతన ఉద్దేశించిన అర్థమని నా నమ్మకం. "అడ్డపడు" అన్న రూపం, ఉకారం లేకుండా, కాపాడటమనే అర్థంలో మీ ప్రాంతపు పెద్దల నోట ఎప్పుడైనా విన్నవారుంటే, విన్న వాక్యాన్ని విన్నట్టుగానే ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.