సమస్య: పాట వినని చెవియె భాగ్యశాలి

నిర్వాహకుడు:
నిన్న రాత్రి పాటకవి గోరటి వెంకన్న పుస్తకం 'వల్లంకి తాళం' ముందేసుకుని గొంతెత్తాను. ఆయన రాసింది కళ్లతో చదివి ఊరుకోవడం నాకు చేతకాదు. పక్కగదిలో మా ఆవిడ, వినికిడి తగ్గిన మా అత్తగారి వైపు చూసి ఒక మాట అంది. ఆటవెలది పద్యపాదానికి గణాలు సరిపోయాయి. పైనున్న ఆ మాటే ఈ వారం సమస్య; చివరి పాదంగా పెట్టి పూరించండి.

చెరువుకట్ట:
పల్లె యేడ్పు విన్న పగలు రేయి నిదుర
రాదు, కంట నీరు రాలు గాని;
కలిమి మత్తులోన గాఢనిద్రకు నెంచ
పాట వినని చెవియె భాగ్యశాలి

పంతులు:
ఎత్తిపొడుపు అందింది. కాని 2002లో 'కుబుసం' సినిమా వచ్చిన దగ్గర్నుంచీ అందులోని ఆయన పాట 'పల్లె కన్నీరు పెడుతుందో' అనగానే అందరూ కన్నీరే పట్టుకుంటారు. అదే పాటలో కుమ్మరి వాములో తుమ్మలు మొలవడం చూసిన ఆ కన్ను మీ పూరణలో ఏదీ?

దుందుభి:
గుండె తడిని దాచె గోరటి వెంకన్న
వాగులోని యూట వట్టిపోతే;
తెలిసి తెలిసి యెవడు తెగువతో ననునిట్లు
పాట వినని చెవియె భాగ్యశాలి?

పంతులు:
'పోతే' గగ, రెండూ గురువులే. ఆ 'తే' పోతే గాని ఆటవెలది నిలవదు. 'పోగ' అనండి. పైగా చివర ప్రశ్నార్థకం తగిలించి సమస్యను గెంటేయడం పాత చిట్కా.

దుందుభి:
మా ఊళ్లె 'పోగ' అని ఎవ్వరనరు. 'వాగు ఎండిపాయెరో' రాసినాయన మీది పద్యంల గ్రాంథికమెందుకు? అయినా ఇదివరకు వానపాము సమస్యప్పుడు యతికి, అంటే పాదంల అక్షరాలు కలవాల్సిన కాడ, ర-ల వేసి 'అభేదం, రెండూ ఒకటే' అని దబాయించిందెవరో! 2021కి సాహిత్య అకాడెమీ పురస్కారం వల్లంకి తాళానికొస్తే 'పాటల పుస్తకానికా?' అన్నది గూడ మీరే.

పంతులు:
అన్నాను. తర్వాత కొన్నాను. ఇప్పుడు నా ప్రతికి అట్ట ఊడిపోయింది. ర-ల యతి సంగతంటారా, ఒప్పిన లాక్షణికులు, ఛందస్సు రాసినవాళ్లు, ఉన్నారు. మీ 'పోతే'ను ఒప్పినవాణ్ని ఒక్కణ్ని చూపించండి.

గుంటూరావకాయ:
మీరిద్దరూ తేల్చుకునేలోగా నాదొకటి.

బ్యాంకు వారు నేడు పందిరి గుంజకు
కాగితమ్ము తెచ్చి కట్టిపోవ,
నాన్న కట్టుకున్న నట్టింట వేలము
పాట వినని చెవియె భాగ్యశాలి

దుందుభి:
అబ్బ! 'వేలము' కాడ ఆగిన. కింది పాదంల 'పాట' వచ్చి గుండెల గుద్దింది.

పంతులు:
విరుపు బాగుంది, కాదనను. కాని పుంప్వాదేశం చేస్తే, అంటే సమాసంలో 'ము'ను 'పు' చేస్తే, 'వేలపుఁబాట' కావాలి. అప్పుడు సమస్యలోని పాట కాస్తా బాట.

గుంటూరావకాయ:
'వేలపుఁబాట' అని టముకు వేస్తే ఒక్కడైనా వస్తాడా మాస్టారూ?

చెరువుకట్ట:
వ్యాకరణం సరే, ఆ చెవి ఎవరిది? నాన్నదేనా? ఇల్లు కట్టుకున్నవాడు ఆ రోజుకి లేడు, అందుకే భాగ్యశాలి. నాకలా తోచింది.

గుంటూరావకాయ:
కొడుకు చెవి అనుకుని రాశాను. మీరన్నదే బాగుంది. ఇకనుంచి అదే అంటాను.

నిర్వాహకుడు:
ఈ వారం తాంబూలం వేలం పూరణకే. దుందుభిగారి 'పోతే'ను 'పోగ'గా సవరించాను.

దుందుభి:
సవరించుండ్రి. పాడేటప్పుడు మాత్రం నేను 'పోతే' అనే పాడుత.